అందరి యంత్రం - ఎవరి బాధ్యత?

గత సంవత్సరం ఈ సంచికకు తెలుగు, ఉర్దూ పుటలు కూర్చే రోజులలో మా కళాశాల కంప్యూటరు ప్రయోగశాలలో ఒక సంఘటన జరిగింది. ఒక విద్యార్థిని తన వ్యాసాన్ని టైపు చేస్తూ ఉండగా యంత్రం తనంతట తానే ఆగి, అప్‌డేట్ జరుగుతున్నదని చెప్పి, మళ్లీ మొదలయింది. భద్రపరచని భాగమంతా పోయింది. ఆమె కన్నీరు చూసి ఆగ్రహించి, అన్ని యంత్రాలలోను స్వయంచాలక అప్‌డేట్లు ఆపివేయించమని పట్టుబట్టినది మేమే. తెలుగు బోధించేవారి మాటకు ప్రయోగశాలలో అంత విలువ ఉంటుందని మేము ఊహించలేదు!

ఆ కోరిక పొరపాటని ఇప్పుడు ఒప్పుకొనక తప్పదు.

2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోసులోని ఒక లోపానికి సవరణను విడుదల చేసింది. ఆ లోపాన్నే ఆధారం చేసుకొని మే 12న ‘వన్నాక్రై’ విజృంభించింది. నడుమ రెండు నెలల వ్యవధి ఉన్నా, సవరణను స్వీకరించని యంత్రాలెన్నో మిగిలాయి. వాటిలోని ఫైళ్లకు తాళం వేసి అది సొమ్ము అడిగింది. బ్రిటనులో ఆసుపత్రుల పని స్తంభించింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని కంప్యూటర్లు సైతం దానికి చిక్కాయి. ఎవరూ మీట నొక్కకుండానే అది ఒక యంత్రం నుండి మరొకదానికి ప్రాకగలదు. ఒకే గదిలో ఒకే నెట్‌వర్కుకు ముడిపడిన యంత్రాల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇంటి కంప్యూటరుకు ఒక యజమాని ఉంటాడు. ప్రయోగశాలలోని యంత్రం ముందు ఉదయం బి.కాం. విద్యార్థి, మధ్యాహ్నం ఉర్దూ శాఖవారు, సాయంత్రం మావంటివారు కూర్చుంటారు. అప్‌డేట్ చేయమందురా అని అది అడిగినప్పుడు ప్రతివారూ ‘తరువాత’ అని నొక్కి లేచిపోతారు. అందుచేత అది తనంతట తాను జరగవలసిందే.

మరి ఆనాడు పని నడుమనే ఎందుకు జరిగింది? విద్యుత్తు పొదుపు పేరిట సాయంత్రం ఐదు గంటలకే మనము మెయిన్ స్విచ్ ఆపివేస్తాము. రాత్రి మేలుకొనే అవకాశమే లేని యంత్రం పగలు కాక మరెప్పుడు ఆ పని చేసుకొంటుంది? పనివేళలలో పునఃప్రారంభం కారాదని నిర్ణయించే ఏర్పాటు విండోసులో ఉంది. ఉబుంటు అయితే భద్రతా సవరణలను తానే చేర్చుకొంటుంది కాని, మనము ఆజ్ఞాపించనిదే యంత్రాన్ని పునఃప్రారంభించదు. అంతవరకు కొన్ని సవరణలు అమలులోకి రావు. కనుక వారానికి ఒక రాత్రి, శనివారమనుకొందాము, యంత్రాలను ఆపకుండా ఉంచాలి.

అప్‌డేటే కీడు చేస్తే? ఈ ప్రశ్న కొట్టివేయదగినది కాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నిలిచిపోయాయి. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసు చేతితో వ్రాసి ఇవ్వవలసి వచ్చింది. అందరికీ ఒకేసారి పంపడం ఆ అనర్థాన్ని పెంచింది. మనము మొదట రెండు యంత్రాలకే అనుమతించి, అవి వారం రోజులు సక్రమంగా నడిచి, తెలుగు, ఉర్దూ అక్షరాలు చెదరక కనిపిస్తే తక్కినవాటికి అనుమతించవచ్చును.

ఇంతకూ ఈ పని ఎవరిది? ప్రయోగశాల సహాయకుడు తాత్కాలికోద్యోగి. అడ్మిన్ పాస్‌వర్డు అతని వద్ద లేదు. పాస్‌వర్డు తెలిసిన అధ్యాపకునికి ఈ పని అప్పగించినట్లు ఉత్తర్వు లేదు. ఒక వ్యక్తిని, ఒక రాత్రిని నిర్ణయించవలసిందని ప్రిన్సిపాల్ గారికి విన్నపం వ్రాసి ఇచ్చాము. ఈ పుటలు అచ్చుకు వెళ్లేనాటికి, శనివారం నాడు స్విచ్ ఆపవద్దని కావలివానికి ఇంకా ఎవరూ చెప్పలేదు.