చాబీ ఇచ్చాక ఇల్లు ఎవరిది?



మొహర్రం దగ్గరపడుతోందంటే నెల్లూరులో మా చుట్టాల ఇళ్లలో మేడమీద సామాను కిందికి దిగుతుంది. బారాషహీద్ దర్గా రొట్టెల పండక్కి వచ్చే జనానికి ఆ నాలుగైదు రోజులూ గదులు కిరాయికిస్తారు. 2015లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండగగా ప్రకటించింది. లక్షల్లో వచ్చేవాళ్లకు లాడ్జీలు ఎక్కడ సరిపోతాయి? దర్గాకు వెళ్లడం సరైందా కాదా అనే బహస్ ఇక్కడ పెట్టను. స్వర్ణాల చెరువులో సొంతింటి రొట్టె పట్టుకోవడానికి వచ్చినవాళ్లు మన ఇంట్లో కిరాయికి దిగడం మాత్రం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

మా ఖాలా కూడా మేడ ఇస్తుంది. ఆ మధ్య ఒక ఫ్యామిలీ దిగింది. రెండోరోజు మధ్యాహ్నం కింద నీళ్లు అయిపోయాయి. మోటారు స్విచ్చి మేడమీద వంటింట్లో ఉంది. ఖాలా కొడుకు రెండో చాబీ తీసుకుని, పైన ఎవరూ లేరనుకుని తలుపు తీశాడు. లోపల ఒకావిడ తల ఆరబెట్టుకుంటోంది. వాడు సిగ్గుతో చచ్చిపోయి కిందికి పరిగెత్తాడు. ఆ ఫ్యామిలీ ఒక్క మాట అనలేదు. ఇంకా రెండు రోజుల కిరాయి ఇచ్చి ఉన్నా, మగ్రిబ్ కాకముందే సామాను సర్దుకుని వెళ్లిపోయారు.

"మన ఇల్లే కదా బేటా, దొంగతనానికి పోయాడా?" అంది ఖాలా నాతో.

కాదు ఖాలా. ఆ నాలుగు రోజులు అది మన ఇల్లు కాదు. పర్దా గురించి ఊరంతటికీ చెప్పే మనం, పైసలిచ్చి దిగిన ఆడమనిషి పర్దా మన రెండో చాబీతో పోతుందని ఆలోచించకపోతే ఎట్లా?

హిఫాజత్ అంటే వచ్చేవాళ్ల నుంచి మన ఇంటిని కాపాడుకోవడమే అనుకుంటాం. మన నుంచి వాళ్లను కాపాడటం సగం పని. సూరా నూర్‌లో ఇంట్లోకి వెళ్లే అదబ్ ఉంది: సలాం చెప్పాలి, ఇజాజత్ అడగాలి, వెనక్కి వెళ్లమంటే వెళ్లిపోవాలి. జవాబు రాకపోతే మూడుసార్లు అడిగి మరలిపోవాలని హదీస్. చాబీ ఉన్నవాడికి మినహాయింపు ఉందని నేనెక్కడా చదవలేదు.

చాబీ ఎంత పెద్ద అమానతో చెప్పడానికి కాబా చాబీ కంటే మిసాల్ ఏముంది? హిజ్రీ 8లో మక్కా చేతికొచ్చిన రోజు, ఆ చాబీ తమకిమ్మని సొంత ఖాందాన్‌వాళ్లే అడిగినా, ప్రవక్త (స) దాన్ని పాత హక్కుదారు ఉస్మాన్ బిన్ తల్హాకే తిరిగిచ్చారు. ఈరోజుకీ అది ఆ వంశం చేతిలోనే ఉంది.

ఇక పని సంగతి. చాబీని పూలకుండీ కింద, మూల మీద చాయ్ దుకాణంలో పెట్టే అలవాటు మానాలి. చేతికే ఇవ్వండి, చేతికే తీసుకోండి. ఫజర్‌కు ముందే బయల్దేరే మెహమాన్ ఉంటే నంబర్లు తిప్పి తెరిచే చిన్న పెట్టె గోడకు బిగించుకోవచ్చు. కానీ ప్రతి మెహమాన్ వెళ్లాక నంబరు మార్చాలి. ఇంట్లో పుట్టినరోజు తేదీ నంబరుగా పెట్టేవాళ్లకు నేనేం చెప్పను! ఎలక్ట్రానిక్ తాళం కొంటే బ్యాటరీ సంగతి మీదే. మైపాడు వైపు ఇళ్లకు ఉప్పుగాలి తోడు, ఇనుప తాళాలు తొందరగా తుప్పు పడతాయి, ఇత్తడివి నయం. ఒక చాబీ పోయిందంటే కాపీ చేయించి ఊరుకోకండి, తాళమే మార్చండి.

గుర్తింపు చూడటం మన హక్కు. అయితే పన్నెండంకెల ఆధార్ జిరాక్సులు అలమారలో పోగేయడం దేనికి? చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉంది, అది అడగండి. మెహమాన్‌ది విదేశీ పాస్‌పోర్టు అయితే, అమెరికా పౌరసత్వం తీసుకున్న మన పిల్లలే అయినా సరే, 24 గంటల్లో ఆన్‌లైన్‌లో అధికారులకు తెలపాలి.

కెమెరా గేటు దగ్గర పెట్టుకోండి, ఉందని ముందే చెప్పండి. లోపల మాత్రం వద్దు. ఎయిర్‌బీఎన్‌బీ లాంటి వ్యాపార కంపెనీయే 2024 ఏప్రిల్ 30 నుంచి ప్రపంచమంతటా ఇళ్ల లోపలి కెమెరాలను నిషేధించింది.

రెండో చాబీ ఉండాలి, నిప్పో నీళ్లో ఆపద వస్తే కావాలి. నేనైతే దాన్ని కవరులో పెట్టి అతికించి, పైన మెహమాన్ సంతకం తీసుకోమంటాను. తీస్తే తెలుస్తుంది. మొహమాటపడకండి, దానివల్ల వాళ్లకూ భరోసా.

ఖాలా నా మీద వారంపాటు అలిగింది. తర్వాత ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి మోటారు స్విచ్చి కిందికి మార్పించింది. మెట్ల దగ్గర బెల్ పెట్టించింది. మొన్న ఫోన్ చేసి, "ఆ ఫ్యామిలీ నంబరు నీ దగ్గరుందా బేటా, రెండు రోజుల కిరాయి వాపసు ఇవ్వాలి" అంది. నంబరు పంపాను.