మంగళం దాకా మనమూ ఉందాం!

ఎండాకాలం వచ్చిందంటే మా చిత్తూరు వైపు పల్లెల్లో భారతం మొదలవుతుంది. ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర చాలాచోట్ల 18 రోజుల ఉత్సవం. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. అర్జున తపస్సు నాడు బిడ్డల కోసం ఆడవాళ్ళు తపస్సుమాను దగ్గర సాగిలపడి మొక్కుకుంటారు. ఆఖర్న దుర్యోధన వధ. నేలమీద మలిచిన పెద్ద మట్టి దుర్యోధనుడి చుట్టూ ఊరంతా చేరుతుంది.

చాప, చెంబుడు నీళ్ళు, ఒళ్ళో వేయించిన వేరుశనక్కాయలు, పక్కన అక్కచెల్లెళ్ళు, ఎదురింటి వదిన... ఆరుబయట చల్లగాలికి కూర్చుని నాటకం చూసే ఆ సుఖం టీవీలో వస్తుందా చెప్పండి?

కానీ ఒక్కటి గమనించారా? మగవాళ్ళు తొలి పద్యం నుంచి తెల్లారేదాకా కదలరు. మనం మాత్రం అందరికీ అన్నాలు పెట్టి, గిన్నెలు తోమి వెళ్ళేసరికి సగం ఆట అయిపోతుంది. అంతలో పిల్లాడు నిద్రకు ఏడుస్తాడు. లేచి ఇంటికి రావాల్సింది మళ్ళీ మనమే!

దాంతో పోయేది వినోదం ఒక్కటే కాదు. వస్త్రాపహరణం ఆడే రాత్రి, ముందు తానే ఓడిపోయినవాడికి నన్ను పందెం ఒడ్డే హక్కెక్కడిదని ద్రౌపది నిండుసభలో అడుగుతుంది. భీష్ముడంతటి వాడే తేల్చి చెప్పలేకపోయాడు. ఆ మాట విన్నాక చాపమీద పదిమంది ఆడవాళ్ళం గుసగుసగా మొదలుపెట్టి గట్టిగానే వాదించుకుంటాం. ఇంట్లో నోరు మెదపని కోడలు కూడా అక్కడ ఓ మాట అంటుంది. అలాంటి చోటు మనకు ఇంకెక్కడుంది?

మా పొరుగున కడప జిల్లాలో 1885లో పుట్టిన సురభి నాటక సమాజంలో ఆడవాళ్ళు ఎన్నో దశాబ్దాల కిందటే రంగస్థలం ఎక్కారు. వేషం కట్టడానికి లేని అడ్డు చూడ్డానికి ఎందుకు?

ఆ రోజుల్లో వంట పొద్దువాలక ముందే ముగించేద్దాం. వడ్డన, గిన్నెలు మగవాళ్ళు చూసుకోలేరా? పిల్లాణ్ణి ఒక్కరాత్రి నాన్న భుజాన వేసుకుని ఇంటికి తీసుకుపోతే ఏం పోయింది? ఉత్సవ కమిటీలో మనవాళ్ళు ఇద్దరైనా ఉంటే దారిలో లైట్లు, దగ్గర్లో మరుగుదొడ్డి అడిగి చేయించుకోవచ్చు. చందా మన ఇళ్ళ నుంచీ వెళ్తోంది కదా!

మీ ఊళ్ళో ఆడేది భారతమైనా, హరిశ్చంద్ర అయినా సరే, ఈ వేసవికి ఇరుగుపొరుగుతో కలిసి వెళ్ళండి. మంగళం పాడేదాకా మాత్రం చాప చుట్టకండి. ఏమంటారు?