దూకుడుకూ ఒక అదను

పోకర్ టోర్నమెంట్లో దూకుడుగా ఆడినోడే గెలుస్తాడని మా హాస్టల్లో వేదవాక్కు. సగం నిజమే. రైజ్ చేస్తే గెలవడానికి రెండు దార్లు: ఎదుటోళ్లు ఫోల్డ్ అవ్వొచ్చు, లేదా మన ముక్కలే పెద్దవి కావొచ్చు. కాల్‌కి రెండోదొక్కటే. పైగా బ్లైండ్స్ పెరుగుతుంటాయి, ఊరికే కూర్చున్నా చిప్స్ కరిగిపోతాయి.

కానీ బహుమతుల గడప దగ్గర లెక్క తిరగబడుతుంది. అక్కడ గెలిచే చిప్స్ కంటే పోయే చిప్స్ విలువెక్కువ. తక్కువ చిప్స్ ఉన్నోణ్ని నొక్కాలి, మనకంటే పెద్ద కుప్ప ఉన్నోడికి దూరంగా ఉండాలి. ఇది మా కొత్తచెరువు రైతుకు చెప్పాలా? అదను దాటితే శనక్కాయ విత్తి లాభంలేదని తెలుసు, అయినా మధ్యలో కంది సాళ్లు వేసుకుంటాడు.

అసలు ప్రమాదం టేబుల్ మీద లేదు, రీ-ఎంట్రీ బటన్లో ఉంది. ఎంట్రీ ఫీజు అనే గట్టును తెంపేది అదే. తెగాక పోయేది సెమిస్టర్ ఫీజు. అందుకే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2020లో మన రాష్ట్రం, 2025లో కేంద్రం నిషేధించడం నాకు సమ్మతమే.

ఉచిత చిప్స్‌తో ఆడొచ్చుగా అంటారు. పోయేదేం లేనప్పుడు ఎవడూ ఫోల్డ్ చెయ్యడు, బ్లఫ్ పారదు. నేనైతే ఆ లెక్కల్ని ప్రాబబిలిటీ నోట్సు వెనకపేజీల్లో వేసుకుంటున్నా.