రీడింగ్ లిస్టులో కులం

ఏ పుస్తకం చదవాలో తెలియడం కూడా ఈ దేశంలో వారసత్వపు ఆస్తే. రెండు మూడు తరాలుగా కళాశాల చదువులున్న ఇళ్లలో ఆ ఆస్తి అడగకుండానే చేతికి అందుతుంది. భోజనాల వేళ పెద్దల మాటల్లో దొర్లే రచయితల పేర్లు, మేనమామ బీరువాలోని పాత సంచికలు, తండ్రి స్నేహితుడైన ప్రొఫెసర్ ఇచ్చే సలహా, ఇవన్నీ దానిలో భాగాలే. కూలికి పోయే తల్లిదండ్రుల బిడ్డ విశ్వవిద్యాలయంలో అడుగుపెడితే సీటు దొరుకుతుంది, హాస్టల్ గది దొరుకుతుంది, ఆలస్యంగానైనా స్కాలర్‌షిప్ దొరుకుతుంది. ఏం చదవాలో చెప్పే మనిషి మాత్రం దొరకడు.

నేను పీజీలో చేరిన ఏడాది ఒక అధ్యాపకుడు మొదటి తరగతిలోనే ఇరవై పుస్తకాల పేర్లు గడగడా చెప్పారు. బోర్డు మీద ఒక్కటీ రాయలేదు. ముందు వరుసలోని ముగ్గురు నలుగురు తప్పుల్లేకుండా రాసుకున్నారు. ఆ పేర్లు వారికి ముందే పరిచయం. నేను చెవికి వినిపించినట్టు రాసుకున్నాను. ‘డ్యూమో’ అని విన్న పేరు కోసం గ్రంథాలయంలో కార్డుల సొరుగులు రెండు రోజులు తిరగేశాను. ఆ ఫ్రెంచి పేరు చివర పలకని అక్షరాలుంటాయని నాకెవరు చెప్పాలి? కుల వ్యవస్థ మీద ప్రపంచ ప్రసిద్ధమైన గ్రంథం రాసిన లూయీ డ్యూమాఁ పేరును, కులం వల్లే అక్షరానికి దూరమైన కుటుంబం నుంచి వచ్చినవాడు వెతకలేకపోయాడు. ఆ రెండు రోజుల అవమానాన్ని నేనింకా మరిచిపోలేదు.

ఇవాళ్టి విద్యార్థికి ఆ ఇబ్బంది లేదు. 2001లో అమెరికాలోని ఎంఐటీ తన కోర్సుల సామగ్రిని అందరికీ ఉచితంగా ఇంటర్నెట్‌లో పెడతామని ప్రకటించింది. ఆ తర్వాత అనేక విశ్వవిద్యాలయాలు వారాలవారీగా ఏం చదవాలో చెప్పే పఠన జాబితాలను బహిరంగపరిచాయి. మన దేశంలోనూ 2017లో స్వయం వేదిక వచ్చింది. ఆదిలాబాద్‌లోనో శ్రీకాకుళంలోనో ఉన్న అమ్మాయి, న్యూయార్క్ తరగతి గదిలో ఈ వారం ఏం చదువుతున్నారో తన ఫోనులో చూడగలదు. రచయిత పేరు అక్షర దోషం లేకుండా ఉంటుంది. పుట సంఖ్యలు కూడా ఉంటాయి. ఇది చిన్న మార్పు కాదు. ఆన్‌లైన్ చదువు అనగానే అంతా కార్పొరేట్ మాయ అని కొట్టిపారేసే ప్రగతిశీల మిత్రులతో నాకు ఇక్కడే పేచీ. గురువు నోటి నుంచి మాత్రమే జారే రహస్యం అచ్చులోకి రావడం ఈ దేశంలో ఎప్పుడూ అట్టడుగువారికి మేలే చేసింది.

అయితే జాబితా అమాయకమైనది కాదు. అందులో ‘తప్పనిసరి’ అని ఒక భాగం, ‘అదనపు పఠనం’ అని మరో భాగం ఉంటాయి. ఈ విభజనలోనే ఒక వర్ణ వ్యవస్థ నడుస్తుంది. భారతీయ సమాజం మీద నేను చూసిన జాబితాల్లో ఎక్కువవాటిలో తప్పనిసరి భాగాన్ని ఘుర్యే, శ్రీనివాస్, డ్యూమాఁ ఆక్రమించి ఉంటారు. అంబేడ్కర్ ‘దళిత ఉద్యమాలు’ అన్న శీర్షిక కిందనో, రిజర్వేషన్ల వారంలోనో, అదీ కాకపోతే అదనపు పఠనంలోనో కనిపిస్తారు. కాలక్రమం చూడండి. కొలంబియా విశ్వవిద్యాలయంలో గోల్డెన్‌వైజర్ నడిపిన ఆంత్రోపాలజీ సెమినార్‌లో పాతికేళ్ల అంబేడ్కర్ భారతదేశంలో కులాల పుట్టుకపై తన పత్రాన్ని చదివింది 1916 మే 9న. కులంపై ఘుర్యే పుస్తకం వచ్చింది 1932లో. డ్యూమాఁ ‘హోమో హైరార్కికస్’ వచ్చింది 1966లో. అంతర్వివాహమే కులానికి ఆయువుపట్టని, మిగులు స్త్రీ, మిగులు పురుషుల సమస్యకు వెతికిన పరిష్కారాలే సతి, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహమని ముందే సిద్ధాంతీకరించినవాడిని సిద్ధాంతకర్తల వరుసలో కాక ఉద్యమకారుల వరుసలో కూర్చోబెట్టడం యాదృచ్ఛికమా? సామాజిక శాస్త్రాల్లో కొందరు సిద్ధాంత బ్రాహ్మణులుగా, మరికొందరు అనుభవ సమాచారాన్ని మోసే శూద్రులుగా మిగిలిపోయారని గోపాల్ గురు 2002లోనే ఎత్తిచూపారు. ఆ వ్యాసం ఇప్పుడు చాలా జాబితాల్లో ఉంది. దాన్ని చేర్చిన జాబితా అమరికే మారలేదు.

తొలగింపుల చరిత్ర మరోవైపు ఉంది. 2018లో ఢిల్లీ విశ్వవిద్యాలయ ఎంఏ రాజనీతిశాస్త్ర పాఠ్యప్రణాళిక నుంచి కంచ ఐలయ్య పుస్తకాలను తీసేయాలన్న ప్రతిపాదన వచ్చింది. 2021లో అదే విశ్వవిద్యాలయపు బీఏ ఇంగ్లీషు పాఠ్యాంశాల నుంచి మహాశ్వేతాదేవి ‘ద్రౌపది’ కథతో పాటు తమిళ దళిత రచయిత్రులు బామా, సుకీర్తరాణి రచనలను తొలగించారు. ఢిల్లీ కనుక, అకడమిక్ కౌన్సిల్‌లో అసమ్మతి తెలిపిన సభ్యులున్నారు కనుక ఆ సంగతి పత్రికలకెక్కింది. జిల్లా స్థాయి విశ్వవిద్యాలయంలో ఒక పేరు మాయమైతే ఎవరికి తెలుస్తుంది? నిషేధించిన పుస్తకానికి కనీసం నిషేధం తెచ్చే ప్రఖ్యాతి ఉంటుంది. జాబితాలోంచి జారిపోయిన పుస్తకంపై పరీక్షలో ప్రశ్న రాదు, ప్రశ్న రాని పుస్తకాన్ని గ్రంథాలయం కొనదు, నాలుగేళ్లకు అది ఉండేదన్న సంగతే తెలిసినవారుండరు. అందుకే విద్యార్థులకు నా విన్నపం: మీ శాఖ జాబితా ఆన్‌లైన్‌లో ఉంటే ఏటా దాని ప్రతిని దించి భద్రపరచండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చదవడం కూడా రాజకీయ అధ్యయనమే.

జాబితా ఎవరు తయారు చేస్తున్నారన్న ప్రశ్న 2021 తర్వాత మరింత పదునెక్కింది. ఒక సెమిస్టర్ క్రెడిట్లలో 40 శాతం వరకు స్వయం కోర్సుల ద్వారా పొందవచ్చని యూజీసీ నిబంధనలు అనుమతించాయి. ఎక్కడో ఒక కేంద్రీయ సంస్థలో కూర్చున్న నలుగురు ఎంచిన పుస్తకాలే దేశంలోని వేలాదిమందికి పాఠ్యమవుతాయన్నమాట. ఆ సంస్థల్లో రిజర్వుడు అధ్యాపక పోస్టుల ఖాళీల గురించి పార్లమెంటులో ఎన్నిసార్లు ప్రశ్నలు వచ్చాయో రాజకీయ పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. భర్తీ కాని ఆ కుర్చీలకూ, జాబితాలో కనిపించని పేర్లకూ మధ్య బంధుత్వం ఉంది.

పేరు దొరికింది సరే, పుస్తకం దొరుకుతుందా? జాబితాలోని లింకు నొక్కితే చందా కట్టమనే పుట తెరుచుకుంటుంది. జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం 2017-18లో గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటరు ఉన్నవి 4.4 శాతం, పట్టణాల్లో 23.4 శాతం. అప్పటినుంచి ఫోన్లు పెరిగిన మాట నిజమే. కానీ రెండు వరుసల్లో అచ్చయి వంకరగా స్కాన్ చేసిన నలభై పుటల వ్యాసాన్ని అరచేతి ఫోనులో జరుపుకుంటూ చదివి చూడండి. పదో పుట దాటేసరికి కళ్ళు మండుతాయి. చదివిన వాదన గుర్తుండదు.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 6,000 కోట్ల రూపాయలతో ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకాన్ని ఆమోదించింది. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు అందులో ఉన్నాయి. మంచిదే. అయితే మొదటి దశలో అది ప్రభుత్వ సంస్థలకే పరిమితం. తెలుగు రాష్ట్రాల్లో ఫీజు రీయింబర్స్‌మెంటు మీద ఆధారపడి ప్రైవేటు కళాశాలల్లో చదువుతున్న ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థుల సంగతేమిటి? ఫీజు కట్టినది ప్రభుత్వమే. జర్నల్ మాత్రం అందనిది వారికే.

దీనికి చట్టం ఒక దారి చూపింది, దాన్ని మనం పెద్దగా తొక్కలేదు. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని రామేశ్వరి ఫోటోకాపీ దుకాణంపై ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు 2012లో దావా వేశాయి. రీడింగ్ లిస్టు ప్రకారం పుస్తకాల భాగాలను జెరాక్సు తీసి కోర్సు ప్యాకులుగా కుట్టి అమ్మడం నేరమన్నది వారి వాదన. బోధనలో భాగంగా జరిగే పునర్ముద్రణకు కాపీరైటు చట్టం 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుందని 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. ఆ డిసెంబరులో డివిజన్ బెంచి కూడా ఆ సూత్రాన్ని నిలబెట్టింది. ఒక జెరాక్సు దుకాణం గెలిచిన ఆ కేసు, రీడింగ్ లిస్టుకు చట్టం ముందున్న విలువ ఏమిటో చెబుతుంది. కోర్సు అవసరాల కోసం అధ్యాపకుడు ఎంచి ఇచ్చిన జాబితా ఉంటే, దాని మేరకు విద్యార్థికి ప్రతి అందించే అవకాశం ఉంది. మన శాఖల్లో ఎన్ని ఏటా ఒక జాబితాను ప్రకటించి, దాని ప్రకారం ప్యాకు కుట్టించి గ్రంథాలయంలో పెడుతున్నాయి?

ఇక్కడొక వింత చెప్పాలి. చందా గోడల వెనుక ఉన్న పుస్తకాలు ‘తప్పనిసరి’. మహారాష్ట్ర ప్రభుత్వం 1979 నుంచి అచ్చువేసిన అంబేడ్కర్ రచనల సంపుటాలు భారత విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. ‘కుల నిర్మూలన’ను కొలంబియా విశ్వవిద్యాలయం వివరణలతో సహా ఆన్‌లైన్‌లో పెట్టింది. పైసా ఖర్చు లేకుండా దొరికేది మాత్రం ‘అదనపు’ పఠనం.

భాష సంగతి ఇంతకంటే బాధాకరం. విశ్వవిద్యాలయ స్థాయి పుస్తకాలను తెలుగులో తేవడానికి 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టి, తర్వాత అంబేడ్కర్ పేరు పెట్టుకుని, తెలుగు పాఠ్యపుస్తకాలను కూలీల ఇళ్లకూ కండక్టర్ల ఇళ్లకూ చేర్చింది. ఆ సంప్రదాయం ఆన్‌లైన్ జాబితాల దగ్గరకు వచ్చేసరికి తెగిపోయింది. నిరుడు ఒక విద్యార్థిని విదేశీ విశ్వవిద్యాలయపు జాబితా ఒకటి తెచ్చి చూపించింది. అందులో కె. సత్యనారాయణ, సూసీ తారు 2013లో సంకలనం చేసిన ‘స్టీల్ నిబ్స్ ఆర్ స్ప్రౌటింగ్’ ఉంది. కన్నడ, తెలుగు దళిత రచనల ఇంగ్లీషు సంపుటి అది. “సార్, వీళ్లు మన తెలుగువాళ్లేనా?” అని అడిగింది. ‘చిక్కనవుతున్న పాట’ 1995లో, ‘నల్లపొద్దు’ ఆ తర్వాత తెలుగులోనే వచ్చాయని ఆమెకు తెలియదు. తన శాఖ జాబితాలో అవి లేవు. సొంత వాడ బావి నీళ్లు సీసాలో నింపుకుని సముద్రాలు దాటి వస్తే తప్ప ఆమె దాహానికి అందలేదు.

ఆమెతో ఆ రోజు ఎక్కువసేపు మాట్లాడింది మరో విషయం గురించి. జాబితాలో నలభై పేర్లున్నాయి, తాను మూడింటి దగ్గరే ఆగిపోయాను, పీహెచ్‌డీకి పనికిరానేమో అంది. తొలితరం విద్యార్థి జాబితాను ఆజ్ఞగా చదువుతుంది. మొదటి పేరు నుంచి చివరి పేరు వరకు ప్రతి పుటా చదవాలని, చదవలేకపోతే లోపం తనదేనని నమ్ముతుంది. ముందు వరుస విద్యార్థికి ఇంట్లోనే తెలిసిన రహస్యం వేరు. ఆ నలభై పుస్తకాలనూ జాబితా రాసిన ప్రొఫెసర్ కూడా పూర్తిగా చదివి ఉండకపోవచ్చు. కొన్ని మర్యాద కోసం ఉంటాయి, కొన్ని స్నేహితులవి, కొన్ని పదేళ్లుగా ఎవరూ కదిలించకుండా అక్కడే పడి ఉన్నవి. ముందుమాట, ముగింపు, నడుమ ఒక అధ్యాయం చదివి వాదన పట్టుకోవడం మోసం కాదు, అది చదివే పద్ధతి. ఈ మాట ఏ సిలబస్‌లోనూ రాయరు. రాయకపోవడం వల్ల ఎంతమంది మా పిల్లలు తమను తాము తక్కువ చేసుకుని వెనుదిరిగారో లెక్క లేదు.

ఒకే అంశంపై మూడు నాలుగు విశ్వవిద్యాలయాల జాబితాలు పక్కన పెట్టుకోమని ఆమెకు చెప్పాను. అన్నింటిలో ఉన్న పేర్లు పరీక్షకూ ఇంటర్వ్యూకూ కావాలి, వాటిని వదలొద్దు. డ్యూమాఁను చదవకుండా డ్యూమాఁను ఓడించలేం. ఒక్కదాంట్లోనే ఉన్న పేరు చాలాసార్లు అసలు తలుపు. ఇక దేనిలోనూ లేని పేరు ఎవరిదో గమనించాలి. ఒంటరిగా చదవొద్దని కూడా అన్నాను. నలుగురు కలిసి తలా ఒక అధ్యాయం చదివి, రాత్రి భోజనాల తర్వాత ఒకరికొకరు తెలుగులో చెప్పుకుంటే ఇంగ్లీషు మీది భయం సగం తగ్గుతుంది. తెలుగులో చెప్పలేకపోయిన భాగమే మనకు అర్థం కాని భాగం.

శాఖాధిపతులను అడగవలసింది కూడా ఉంది. ప్రతి కోర్సు జాబితా ఏడాది మొదట్లోనే బహిరంగం కావాలి. ప్రతి పుస్తకం ఎదుట అది మన గ్రంథాలయంలో ఏ అరలో ఉందో, తెలుగులో అనువాదముందో లేదో రాయాలి. మార్పు జరిగితే ఎవరి నిర్ణయమో నమోదు కావాలి. వీటికి కొత్త నిధులేమీ అక్కర్లేదు.

రెండు నెలల తర్వాత ఆ అమ్మాయి తాను తయారు చేసిన జాబితా పంపింది. కులంపై పదిహేడు రచనలు. అందులో ఆరు తెలుగువి. అంబేడ్కర్ 1916 నాటి పత్రం మొదటి వారంలో ఉంది, డ్యూమాఁ నాలుగో వారంలో. ప్రతి పేరు పక్కన ఎలా పలకాలో తెలుగులో రాసిపెట్టింది. శాఖ నోటీసు బోర్డు మీద పెట్టనివ్వమని అడిగితే అనుమతి కావాలన్నారట. ప్రస్తుతం అది హాస్టల్ మెస్ తలుపు పక్కన అంటించి ఉంది.