చక్రాల ఇంట్లో గ్యాస్ వాసన: ముక్కు ఒక్కటే చాలదు

2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురై రైల్వే యార్డులో నిలిపి ఉంచిన ఒక పర్యాటక బోగీ తగలబడింది. లక్నో నుంచి యాత్రికులతో వచ్చిన ప్రైవేటు బోగీ అది. నిబంధనలకు విరుద్ధంగా తెచ్చుకున్న గ్యాస్ సిలిండర్‌తో టీ కాస్తుండగా మంటలు చెలరేగాయని రైల్వే అధికారులు వెల్లడించారు. తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు.

ఇరుకైన చోట గ్యాస్ పొయ్యి పెట్టి వండుకోవడం మనకు కొత్త కాదు. కాశీకో, శబరిమలకో బయలుదేరే బస్సుల్లో బియ్యం, పప్పులతో పాటు గ్యాస్ బండ కూడా ఎక్కుతుంది. టిఫిన్ బండ్లు వ్యాన్లుగా మారాయి. 2021లో కేరళ ప్రత్యేక విధానం ప్రకటించాక, పడక, వంటగది, మరుగుదొడ్డి ఉన్న క్యారవాన్లు కూడా పర్యాటకంలో భాగమయ్యాయి. ఈ చక్రాల ఇళ్లలో గ్యాస్ వాసన వస్తే ఏం చేయాలో వాటిలో నిద్రపోయేవారిలో ఎందరికి తెలుసు? ప్రయాణానికి ముందు టైర్లలో గాలి చూసుకుంటారు. గ్యాస్ పైపు సంగతి మాత్రం చాలామందికి గుర్తుకే రాదు.

వంటగ్యాస్‌కు సహజంగా వాసన లేదు. అందులో ఉండేది ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్. కుళ్లిన క్యాబేజీని తలపించే ఆ ఘాటు ఇథైల్ మెర్కాప్టాన్ అనే గంధక సమ్మేళనానిది. దాన్ని కావాలనే కలుపుతారు. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం న్యూ లండన్‌లో, వాసన లేని సహజవాయువు ఒక పాఠశాల భవనం కింద ఎవరికీ తెలియకుండా పోగై పేలింది. దాదాపు మూడు వందల మంది చనిపోయారు. వారిలో ఎక్కువ మంది పిల్లలే. ఆ విషాదం తర్వాతే గ్యాస్‌కు వాసన కలపాలనే చట్టాలు బలపడ్డాయి.

గాలిలో వంటగ్యాస్ సుమారు 2 శాతానికి చేరితే నిప్పురవ్వ చాలు, అంటుకుంటుంది. అందులో అయిదో వంతు ఉన్నప్పుడే ముక్కుకు తెలియాలన్నది వాసన కలపడంలో పాటించే ప్రమాణం. అంటే వాసన మనకు కొంత వ్యవధి ఇస్తుంది. ఆ వ్యవధిలో మనం చేసేదేమిటి? కిటికీ కాస్త తెరుస్తాం, లేదా ‘బండ మార్చినప్పుడు ఆమాత్రం వాసన మామూలే’ అని సరిపెట్టుకుంటాం. అన్నిటికన్నా ప్రమాదకరం, దుర్వాసన పోవాలని అగరువత్తి వెలిగించడం.

పెద్ద ఇంట్లో ఈ నిర్లక్ష్యం ఎన్నోసార్లు చెల్లిపోతుంది. క్యారవాన్‌లో చెల్లదు. అయిదు మీటర్ల పొడవు, రెండేసి మీటర్ల వెడల్పు, ఎత్తు ఉన్న బండిలో ఉండే గాలి 20 ఘనపు మీటర్లు. అందులో 2 శాతం అంటే 400 లీటర్ల వాయువు. ఇందుకు కిలోకు కాస్త తక్కువ గ్యాస్ చాలు. ఇంట్లో వాడే బండలో ఉండేది 14.2 కిలోలు. పైగా ఈ వాయువు గాలికన్నా దాదాపు రెట్టింపు బరువు. పైకి పోకుండా పడక కింద, సామాను అరల్లో, నేల మీద పేరుకుంటుంది. అక్కడ ప్రమాద స్థాయి రావడానికి ఇంకా తక్కువ గ్యాస్ సరిపోతుంది. కిటికీ తెరిచినా అడుగున ఉన్నది తేలిగ్గా పోదు. అందుకే సిలిండర్ అర అడుగున, నేలను ఆనుకుని గాలి రంధ్రాలు ఉంచుతారు. దుమ్ము వస్తోందనో, ఏసీ చల్లదనం పోతోందనో వాటికి గుడ్డలు కుక్కడం ప్రాణాలతో చెలగాటమే.

ఘాటుగా వాసన వస్తే వెతకడం మొదటి పని కాదు. మంట ఏదైనా ఉంటే ఆర్పాలి. స్విచ్‌లు వేయకూడదు, ఆపకూడదు. రెండింటిలోనూ నిప్పురవ్వ పుడుతుంది. చేతికందితే రెగ్యులేటర్ కట్టేసి, తలుపులన్నీ బార్లా తెరిచి, అందరూ బయటికి రావాలి. ఫోను బండికి దూరంగా వెళ్లాకే వాడాలి. గ్యాస్ లీకేజీ ఫిర్యాదుల నంబరు 1906.

గాలి పూర్తిగా మారి, వాసన పోయాకే లీకు ఎక్కడుందో చూడాలి. దీనికి సబ్బు నీళ్లు చాలు. పొయ్యి నాబ్‌లు కట్టేసి, సిలిండర్ తెరిచి, రెగ్యులేటర్ దగ్గర, గొట్టం రెండు చివర్లా, అతుకుల మీద సబ్బు నీళ్లు రాయాలి. బుడగలు పొంగిన చోటే లీకు. అగ్గిపుల్ల గీసి చూడటం పరీక్ష కాదు, ఆత్మహత్య. గతుకుల రోడ్డు మీద గంటల తరబడి కుదుపులకు అతుకులు వదులవుతాయి కాబట్టి, ఇంట్లో బాగున్న గొట్టం బండిలోనూ బాగుంటుందని అనుకోకూడదు. బుడగలు కనబడకపోయినా వాసన మళ్లీ వస్తే, మెకానిక్ చూసేదాకా సిలిండర్ కట్టేసే ఉంచాలి.

కొన్నిసార్లు గ్యాస్ గొట్టాలన్నీ సరిగ్గానే ఉంటాయి, కుళ్లిన గుడ్ల కంపు మాత్రం వదలదు. అప్పుడు చూడాల్సింది బ్యాటరీని. అతిగా చార్జ్ అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతుంది. దాంతోపాటు మండే గుణమున్న హైడ్రోజన్ కూడా వస్తుంది. ‘గ్యాస్ కాదులే’ అని ఊరుకోవడానికి అదీ తగిన కారణం కాదు.

ఇంత చెప్పినా ముక్కుకు పరిమితులున్నాయి. ఒకే వాసన కాసేపు పీలిస్తే దాన్ని గుర్తించడం మానేస్తుంది. జలుబు చేసినవారికి, వయసు పైబడినవారికి సరిగా తెలియదు. నిద్రపోతున్న మనిషిని వాసన లేపుతుందన్న నమ్మకం లేదు. కార్బన్ మోనాక్సైడ్‌కైతే అసలు వాసనే ఉండదు. 2024 డిసెంబరులో కేరళలోని వడకర వద్ద నిలిపి ఉంచిన క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని నిపుణుల పరీక్షలో తేలింది.

కాబట్టి భారమంతా ప్రయాణికుడి జాగ్రత్త మీదే వేయడం న్యాయం కాదు. అద్దెకిచ్చే ప్రతి క్యారవాన్‌లో నేలకు దగ్గరగా వంటగ్యాస్ అలారం, పడుకున్నవారి తల ఎత్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. ఒకటి రెండో దాని పని చేయదు. ఫిట్‌నెస్ తనిఖీలో బ్రేకులతో పాటు గ్యాస్ గొట్టాలు, గాలి రంధ్రాలు కూడా చూడాలి. ఖర్చు పెరుగుతుందని యజమానులు అనవచ్చు. లక్షలు పోసి ఏసీలు, టీవీలు బిగించిన బండికి రెండు అలారాలు భారమంటే నమ్మడం కష్టం.

యాత్రికుల బస్సులకు ఇంకా సులువైన దారి ఉంది. వంట బండి బయట, బహిరంగ ప్రదేశంలోనే చేయాలి. తాళం చెవులు ఇచ్చేటప్పుడు, సిలిండర్ ఎక్కడ కట్టేయాలో డ్రైవర్ ప్రయాణికులకు చేత్తో చూపించాలి. అందుకు రెండు నిమిషాలు పట్టదు.