ఫోన్లో కులం, పిల్లల గుండెల్లో పుండు

సెల్లు పిల్లల్ని చెడగొడుతోందని ఊరూరా ఒకటే మాట. పేపర్లు రాస్తున్నాయి, డాక్టర్లు చెబుతున్నారు, బళ్ళో మీటింగు పెడితే తల్లులూ అదే మొత్తుకుంటున్నారు. అందులో నిజం లేకపోలేదు. రోజుకు మూడు గంటలకు మించి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి వాటిలో గడిపే పిల్లలకు కుంగుబాటు, ఆందోళన ముప్పు రెండింతలని 2023లో అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి హెచ్చరించాడు. పిల్లల కంటపడే ద్వేషపు రాతల గురించి కూడా ఆ హెచ్చరికలోనే ఉంది. మనవాళ్ళు మాత్రం గంటల లెక్క ఒక్కటే పట్టుకున్నారు. ఆ గంటల్లో పిల్లవాడు ఏం చూశాడు? వాణ్ణి ఎవరేమన్నారు? మాల మాదిగ పల్లెల్లో ముందు అడగాల్సిన ప్రశ్న ఇది.

జిల్లా పరిషత్ హైస్కూల్లో నా దగ్గర చదివి, ఇంజనీరింగు కాలేజీల్లో చేరిన పిల్లలు సెలవులకొచ్చి చెప్పే కథ ఒక్కటే. క్లాసుకో వాట్సాప్ గ్రూపు ఉంటుంది. ఫలితాలొచ్చిన రోజు అందులో ఒకడు ఎకసెక్కంగా ఒక బొమ్మ పెడతాడు. 'సర్కారు అల్లుళ్ళు' అంటాడు. 'కోటా ఇంజనీరు కట్టిన బ్రిడ్జీ ఎక్కొద్దు' అంటాడు. పేరు ఎవరిదీ ఎత్తడు. ఎవరినన్నాడో అందరికీ తెలుసు. కింద వరసగా నవ్వుల బొమ్మలు. నవ్విన వాళ్ళలో పొద్దున పక్కన కూచుని టిఫిన్ తిన్నవాడూ ఉంటాడు. పోనీ గ్రూపులోంచి బయటికొద్దామంటే పరీక్ష తేదీలు, ల్యాబు టైములు వచ్చేది అందులోనే. తిట్టు తింటూ కూచోవాలి, లేదా చదువులో వెనకబడాలి.

ఆడపిల్లల పాట్లు ఇంకా ఎక్కువ. ఒక ఫొటో పెడితే కింద రంగు గురించి, కులం గురించి బూతులు. ఇంట్లో చెబితే నాన్న ఫోను లాక్కుంటాడు, చదువు మాన్పించి పెళ్ళి చేస్తాడేమోనని భయం. అందుకని నోరు కుట్టేసుకుంటారు. మిరపకోతలకెళ్ళి ఫీజు కట్టే అమ్మకి ఈ మాట ఎట్టా చెప్పాలి?

మా చిన్నప్పుడు ఊళ్ళో తిట్లు లేవా? ఉన్నాయి. కానీ పొద్దుగూకితే పల్లెకొచ్చి పడేవాళ్ళం. అరుగు మీద నలుగురు కూచునేవాళ్ళు. 'వాడెవడురా నిన్ననడానికి' అని ఒక ముసలాయన అంటే సగం బాధ పోయేది. ఇప్పుడు తిట్టు దుప్పట్లోకి వచ్చింది. రాత్రి పన్నెండింటికి వచ్చింది. పక్కన పడుకున్న తల్లికి కూడా వినపడదు. మర్నాడు తెరిస్తే మళ్ళీ అదే తిట్టు, ఇంకో పాతిక నవ్వులతో. అన్నం సయించదు, నిద్ర పట్టదు. చివరికి 'నాకే తెలివి లేదేమో' అని ఆ పిల్లే అనుకోవడం మొదలుపెడుతుంది. కులం చేసే అసలు పని అదే.

ఇది పిల్లల బలహీనత అనేవాళ్ళకు ఒక మాట. 2019 మేలో ముంబయిలో ఆదివాసీ డాక్టరు పాయల్ తడ్వీ ప్రాణం తీసుకుంది. సీనియర్లు కులం పేరుతో వేధించారని, వాట్సాప్ గ్రూపుల్లోనూ అవమానించారని కుటుంబం ఆరోపించింది. డాక్టరు చదివిన పిల్ల బలహీనురాలా? అదే ఏడాది పాయల్ తల్లి ఆబేదా తడ్వీ, రోహిత్ తల్లి రాధిక వేముల కలిసి సుప్రీంకోర్టు గడప తొక్కారు. చదువుల్లో వివక్షను ఆపండని అడిగారు. ఆ తల్లులు తమ దుఃఖాన్ని ఇంటి గుట్టుగా దాచుకోలేదు.

కంపెనీల సంగతీ చూడాలి. ఫేస్‌బుక్ 2017లో కోపం బొమ్మతో సహా అన్ని బొమ్మలకూ లైకు కంటే అయిదింతల విలువ కట్టిందని 2021లో బయటపడ్డ దాని సొంత కాగితాలే చెప్పాయి. అంటే జనం ఎంత మండిపడితే ఆ రాత అంత మందికి చేరింది. మన పిల్లల మీద పడే తిట్టు ఒకడికి సరదా, ఇంకొకడికి వ్యాపారం.

అయితే ఫోన్లు పగలగొడదామా? వద్దు. 1920లో బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' పెట్టినప్పుడు అచ్చుయంత్రం మనది కాదు. డబ్బిస్తామన్నా తిలక్ 'కేసరి' ఆ పత్రిక ప్రకటన వేయలేదు. అయినా ఆయన అచ్చును వదల్లేదు. నేడు ఫూలే, అంబేడ్కర్ మాటలు పల్లె పిల్లలకు అందుతున్నదీ ఈ ఫోన్లోనే. వదలాల్సింది ఫోన్ని కాదు, ఒంటరితనాన్ని.

అందుకని కార్యకర్తలు చేయాల్సిన పనులున్నాయి. తిట్టు కనపడగానే చెరిపేయొద్దని పిల్లలకు చెప్పండి. పేరు, నంబరు, తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి ఇంకొకరి ఫోన్లో దాయండి. ఇంటర్నెట్‌లో కులదూషణ చేసినా ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుందని, బాధితులు ఎదురుగా ఉండక్కర్లేదని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. యూట్యూబ్‌లో వీడియో పెట్టినవాడికి ముందస్తు బెయిలు ఇవ్వనంది. ఫిర్యాదుకు 14566 ఉంది. పిల్లవాడు తిండి మానేసినా, బతుకు మీద విరక్తి మాట ఆడినా ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. 14416కు ఫోను చేస్తే డబ్బు తీసుకోకుండా తెలుగులోనే మాట్లాడతారు. ఆసుపత్రికి తీసుకుపోవడం నామోషీ కాదు.

అన్నిటికంటే ముందు, ఆదివారం ఆదివారం అంబేడ్కర్ బొమ్మ దగ్గర పిల్లల్ని కూచోబెట్టుకోండి. 'ఈ వారం ఫోన్లో మిమ్మల్ని ఎవరేమన్నారు?' అని అడగండి. 1985లో కారంచేడు బాధితులు చీరాల శిబిరంలో తమ గాయాన్ని లోకానికి చూపించారు. అందుకే అది ఉద్యమమైంది. ఎవరింట్లో వాళ్ళు తలుపేసుకుని ఏడిస్తే అది శోకమై అక్కడే ఆగిపోయేది. మన పిల్లలు తలుపేసుకుని ఏడుస్తున్నారు. తలుపు తట్టండి.

జై భీమ్.