నాన్నగారిని ఇప్పుడే అడగండి

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. ఏడాదిగా మతిమరుపు. చెప్పిందే చెబుతారు. మొన్న మా వీధిలోనే దారి తప్పారు. అల్జీమర్స్ ప్రారంభదశ అన్నారు డాక్టరుగారు. విమానాశ్రయం వచ్చాక మా రెండెకరాలకు ధర పెరిగింది. వెంటనే పవర్ ఆఫ్ అటార్నీ రాయించమని అమెరికా నుంచి అన్నయ్య తొందరపెడుతున్నాడు. ముందుముందు వైద్యం సంగతి ఎవరు నిర్ణయించాలి?
– ఒక సోదరి, శంషాబాద్

జవాబు: మీ అన్నయ్యగారు నమ్ముకున్న కాగితం అసలు అవసరానికి అక్కరకు రాదు. పవర్ ఇచ్చిన మనిషికి మతి స్థిమితం తప్పితే మన చట్టం ప్రకారం సాధారణంగా ఆ పవర్ రద్దవుతుంది. వీలునామా అలా కాదు. తెలివిలో ఉండగా, ఇద్దరు సాక్షులతో రాసినది తర్వాతా చెల్లుతుంది. ఆ వివరాలు వకీలుని అడగండి.

నాన్నగారిని ఎవరైనా అడిగారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు! జబ్బు పేరు తెలిసినంత మాత్రాన తన ఇష్టం చెప్పే శక్తి పోదు. రాత్రి తిన్న కూర గుర్తులేకపోయినా, తనను ఎవరు చూసుకోవాలో ఆయన చెప్పగలరు. పొద్దున్నే మనసు తేటగా ఉన్నప్పుడు, టీవీ కట్టేసి పక్కన కూర్చోండి. ఒక్కొక్కటే అడగండి. "ముద్ద మింగలేని రోజు వస్తే గొట్టంతో పాలు పోయించాలా నాన్నా?" "ఊపిరి యంత్రం పెట్టించాలా?" "ఆస్పత్రిలో ఉంటావా, ఇంట్లోనా?" అశుభమని జంకకండి. వారం ఆగి మళ్లీ అడగండి. అదే జవాబు వస్తే అది ఆయన నిశ్చయమే. జబ్బు బాగా ముదిరాక గొట్టం వేసినందువల్ల ఆయుష్షు పెరుగుతుందన్న ఆధారం లేదు. చెంచాతో మెల్లగా తినిపించడమే మేలు. ఇదీ ఆయనకు చెప్పండి.

ఇలాంటి ముందస్తు వైద్య ఆదేశం చెల్లుతుందని 2018 మార్చి 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2023 జనవరిలో పద్ధతి సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. తన తరఫున మాట్లాడేవారి పేర్లు అందులో రాయాలి. అన్నయ్యగారి పేరు రాయించండి, మీ పేరూ ఉండాలి. విమానాశ్రయం మీ పక్కనే ఉన్నా, విమానం అమెరికా నుంచి రావాలి కదా!

వైద్యం మానేస్తారేమోనని భయం వద్దు. ఆయన చెప్పగలిగినన్నాళ్లూ ఆయన నోటిమాటే పైచేయి. తర్వాతైనా, కోలుకునే ఆశ లేదని డాక్టర్ల బోర్డులు రెండు ఒప్పుకున్నాకే ఆ కాగితం అమలవుతుంది.

థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించారో లేదో రాయలేదు. ఆ లోపాలుంటే మతిమరుపు మరీ ఎక్కువవుతుంది, వాటికి మందులున్నాయి. చేయించకపోతే ముందు ఆ పని చూడండి.